ముప్ఫయ్యేళ్ల ల్యాండ్‌లైన్: ఫోన్ గురించి కాదు, బిల్లు గురించి

1993లో అమెరికాలో దిగిన నెలలోనే ల్యాండ్‌లైన్ పెట్టించుకున్నాను. ఊరు మారినా కనెక్షన్ మాత్రం వదల్లేదు. చేతిలో సెల్ ఉండగా ఇదెందుకని పిల్లలు నవ్వుతారు. ఫోన్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఇంట్లో కరెంటు పోయినా ఎక్స్ఛేంజి నుంచి తీగలో వచ్చే కరెంటుతోనే మోగుతుంది, మాట తెగదు. దానికి ఐదుకి ఐదు. నా గొడవంతా బిల్లుతోనే.

మొదట ఉన్నది చిన్న ఊళ్లో. ఎక్స్ఛేంజికీ మా ఇంటికీ మధ్య మైళ్లకొద్దీ పొలాలు, వాటి మీదుగా తీగ. నెల చార్జీ తక్కువ. తర్వాత పెద్ద నగరానికి మారాం. ఎక్స్ఛేంజి రెండు వీధుల అవతలే, చార్జీ మాత్రం ఎక్కువ! పొరపాటేమోనని కంపెనీకి ఫోన్ చేస్తే, ఇక్కడ లోకల్ కాల్ మీద ఎక్కువ మందితో మాట్లాడొచ్చు కాబట్టి రేటు ఎక్కువన్నారు. అప్పట్లో ఫోన్ రేట్లు నిర్ణయించే రాష్ట్ర కమిషన్లు చాలావరకు అలాగే లెక్కేసేవి. తీగకి ఎంత ఖర్చయిందని కాదు, దాంతో ఎన్ని లోకల్ నంబర్లు అందుతాయని చూసేవి. అంటే పక్కవీధిలో కొత్త కాపురాలొచ్చి ఫోన్లు పెట్టించుకుంటే నా రేటు కూడా పై మెట్టెక్కొచ్చు.

మా ఆవిడ ఇంట్లోనే చిన్న వ్యాపారం మొదలుపెట్టి ఇంకో లైను తీసుకుంది. అదే కేబుల్లో పక్కన ఖాళీగా ఉన్న జత తీగలు. రేటు దాదాపు రెట్టింపు. వ్యాపారుల దగ్గర ఎక్కువ తీసుకుని ఇళ్లకు తగ్గించడం కమిషన్ల పాత పద్ధతి. మా ఇంట్లో ఆ ఇద్దరూ ఒకే గోడకి ఉన్నారు.

బటన్ల ఫోన్ వాడినందుకు అదనం, డైరెక్టరీలో నంబరు వేయనందుకు ఇంకో అదనం. పాత ఫోన్లో వేలితో తిప్పే డయల్ వెనక్కొచ్చేదాకా ఎక్స్ఛేంజి కాచుక్కూర్చోవాలి, బటన్లయితే చిటికెలో పని అయిపోతుంది. అయినా డబ్బు అడిగింది బటన్లకే.

ఆ రోజుల్లో మా రాష్ట్రంలోనే అరవై మైళ్ల దూరంలో ఉన్న తమ్ముడితో మాట్లాడటం కంటే, దేశం అవతలి కొసన కాలిఫోర్నియాలో ఉన్న స్నేహితుడితో మాట్లాడటమే చవక. రాష్ట్రం లోపలి కాల్స్‌కి కంపెనీలు ఒకదానికొకటి కట్టుకునే చార్జీలను రాష్ట్ర కమిషన్ పెట్టేది, రాష్ట్రం దాటితే వాషింగ్టన్‌లోని ఎఫ్‌సీసీ, అంటే ఫోన్ కంపెనీలను అదుపుచేసే కేంద్ర సంస్థ, పెట్టేది. మొదటివి బాగా ఎక్కువ. తమ్ముడు కాలిఫోర్నియా వెళ్లిపోయాకే మేం తీరిగ్గా మాట్లాడుకోగలిగాం.

నన్ను ఎక్కువ కాలం ఏమార్చింది మాత్రం బిల్లులో ఎఫ్‌సీసీ పేరుతో ఉండే ఓ చార్జీ. ఏళ్ల తరబడి పన్ననుకునే కట్టాను. అది పన్ను కాదు, ఆ డబ్బు కంపెనీకే పోతుంది. 1985లో నెలకో డాలరుతో మొదలైంది, 2003లో ఇళ్లకు 6.50 డాలర్ల దాకా వేసుకోవచ్చన్నారు. దీని మూలం 1930 నాటి సుప్రీంకోర్టు తీర్పులో ఉంది. ఒకే తీగ మీద లోకల్ కాల్సూ, రాష్ట్రం దాటే కాల్సూ వెళ్తాయి కాబట్టి ఖర్చు రెండిటికీ పంచాలంది కోర్టు. పంచగా పంచగా తీగ ఖర్చులో 25 శాతం రాష్ట్రం దాటే వాటాకి స్థిరపడింది. అందుకే నేను నెలంతా పక్కింటికి తప్ప ఎక్కడికీ ఫోన్ చేయకపోయినా ‘అంతర్రాష్ట్ర’ చార్జీ తప్పదు. మళ్లీ దాని మీద, పల్లెలకీ పేదలకీ ఫోన్ అందేలా సాయం చేసే యూనివర్సల్ సర్వీస్ ఫండ్ వాటా, మూడు నెలలకోసారి మారే శాతంతో.

ఇంతకంటే వింత మా పాత ఊళ్లో జరిగింది. అక్కడి మిత్రుడి చార్జీ ఉన్నట్టుండి పెరిగింది. కంపెనీ అత్యాశేమో అనుకున్నాం. చూస్తే, పల్లె కంపెనీలు మరీ చవగ్గా ఇస్తే ఊరుకోమని ఎఫ్‌సీసీయే కనీస రేటు పెట్టింది! 2012లో 10 డాలర్లు, 2016కల్లా 18. అంతకంటే తక్కువ తీసుకున్న కంపెనీకి ఆ తేడా మేరకు కేంద్ర సాయం కోత. రేటు పెంచకూడదని కాపలా కాయాల్సినవాళ్లే పెంచమని కూర్చున్నారు. 2019లో ఎత్తేశారులెండి.

చివరి గీతలో మూడు శాతం ఫెడరల్ పన్ను. టెలిఫోన్ మీద పన్ను మొదట 1898లో, స్పెయిన్‌తో యుద్ధం ఖర్చులకని వేశారు. మధ్యలో పోయి మళ్లీ వచ్చింది. 2006లో దూరపు కాల్స్‌కి వదిలేశారు, దూరం లోకల్ కలిపి అమ్మే సెల్ ప్లాన్లకీ వదిలేశారు. ఒట్టి లోకల్ లైనుకి మాత్రం ఉంచారు. నవ్వే మా పిల్లలకి ఆ పన్ను లేదు. నా పోయిన నెల బిల్లులో ఉంది.