మెయిజీ జింగూనా, ఫుషిమి ఇనారినా? మొదటి షింటో గుడికి ఏది మేలు

జపాన్‌లో షింటో (అక్కడి స్థానిక మతం) గుడి ఒక్కటైనా చూడాలంటే ఎక్కువమంది తేల్చుకోలేకపోయేది ఈ రెంటి మధ్యే: టోక్యోలో మెయిజీ జింగూ, క్యోటోలో ఫుషిమి ఇనారి. రెండింటికీ టికెట్ లేదు. హరజుకు స్టేషన్ దిగితే మొదటిది, ఇనారి స్టేషన్ దిగితే రెండోది.

పూజా పద్ధతి నేర్చుకోవాలంటే మెయిజీయే మేలు. 1920లో మెయిజీ చక్రవర్తికి, ఆయన రాణికి కట్టిన గుడి. చుట్టూ ఉన్న అడవిని జనం ఇచ్చిన చెట్లతో పెంచారు. దారి వెడల్పు కాబట్టి తోరీ (గుడి దారిలో నిలిపే ద్వారం) ముందు ఆగి తల వంచి, నడిమధ్య దేవుడికి వదిలి ఓ పక్కగా నడవొచ్చు. నీళ్ల తొట్టి దగ్గర కుడిచేత్తో గరిటె పట్టి ఎడమచెయ్యి కడగాలి, చెయ్యి మార్చి కుడిది కడగాలి, మళ్లీ ఎడమ అరచేతిలో నీళ్లు పోసుకుని పుక్కిలించాలి. గరిటెను నోటికి ఆనించకూడదు. చివర్లో దాన్ని నిలువుగా ఎత్తితే మిగిలిన నీళ్లు కాడను కడుగుతాయి. గరిటె లేకుండా ధారే పడుతుంటే చేతులు కడుక్కుంటే చాలు. గుడి ముందు నాణెం వేసి రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి, దండం పెట్టుకుని, మరోసారి వంగాలి. ఈ చప్పట్లు బౌద్ధాలయంలో కొట్టకండి, తరచూ జరిగే పొరపాటు అదే.

మనవాళ్లు వెతుక్కునే మూలవిరాట్టు, ప్రదక్షిణ, కొబ్బరికాయ ఇక్కడ లేవు. మామూలుగా చెప్పులు కూడా విప్పక్కర్లేదు.

ఫుషిమి ఇనారి 711 నాటిది. వరి పంట దేవత క్రమేణా వ్యాపారులకూ ఇలవేల్పయింది. నక్కలు దేవుళ్లు కావు, ఆ దేవత దూతలు. మొక్కు తీరినవాళ్లూ మొక్కుకునేవాళ్లూ ఇచ్చిన తోరీలే కొండంతా. ఎక్కేటప్పుడు వట్టి ఎరుపే కనిపిస్తుంది. వెనక్కి తిరిగి చూస్తే స్తంభాల మీద దాతల పేర్లు, తేదీలు. నమ్మకం బతికున్న తీరు మెయిజీ కంటే ఇక్కడే బాగా తెలుస్తుంది. కాకపోతే ఇరుకు దారిలో, సెల్ఫీల రద్దీలో మర్యాదలు పాటించడం కష్టం. చాలామంది ఓకుషా అనే లోపలి గుడి దగ్గర రాయి ఎత్తి చూసి తిరిగొచ్చేస్తారు (అనుకున్నదానికంటే తేలిగ్గా లేస్తే కోరిక తీరుతుందట). అసలు ప్రశాంతత దాని తర్వాతే మొదలవుతుంది. 233 మీటర్ల కొండ మొత్తం తిరగడానికి రెండు, మూడు గంటలు పడుతుంది.

రెండూ వీలైతే మెయిజీ ముందు. అక్కడ సాయంత్రం ఆలస్యం చేయకండి, సూర్యాస్తమయానికి మూసేస్తారు. ఫుషిమి రాత్రీపగలూ తెరిచే ఉంటుంది కాబట్టి పొద్దున 7 లోపు చేరండి. నీళ్ల సీసా కిందే కొనుక్కోండి, పైకెళ్లేకొద్దీ ధర పెరుగుతుంది.