అమ్మకు ఏది మేలు: ఇంటి టచ్ ఫోనా, సొంత కీప్యాడ్ ఫోనా?

"ఇంట్ల టచ్ ఫోన్ ఉండనే ఉన్నది. అమ్మకు మళ్లా వేరే ఫోన్ ఎందుకు?" నర్సంపేట, పరకాల, మహబూబాబాద్ వైపు నుంచి హైదరాబాద్ వెళ్లి ఉద్యోగాలు చేసుకుంటున్న పిల్లలు నన్ను తరచూ అడిగే మాట ఇది. దాని వెంటే ఇంకోటి: "కొంటే కీప్యాడ్ కొనాల్నా, టచ్ కొనాల్నా?" కెమెరా, ర్యామ్ సంగతులు షాపువాళ్లు చెబుతారు. నేను మొదట చూసేది మాత్రం ఒక్కటే: అమ్మ పేర ఉన్న నంబర్ రోజంతా అమ్మ దగ్గరే ఉంటుందా, లేదా?

దేశం లెక్కలు చూస్తే ఈ ప్రశ్న మన ఒక్కళ్లది కాదని తెలుస్తుంది. మొబైల్ కనెక్షన్లు 110 కోట్లు దాటాయి. అయితే టెలికాం కంపెనీల మీద నియంత్రణ సంస్థ ట్రాయ్ లెక్కపెట్టేది సిమ్ములను, మనుషులను కాదు. ఒకాయన జేబులో రెండు సిమ్ములుంటే రెండు కనెక్షన్లు. అందుకే పట్టణాల్లో నూరుమందికి 120కి పైగా కనెక్షన్లు కనిపిస్తాయి, పల్లెల్లో 60 దగ్గరే ఆగిపోతాయి. (తెలంగాణకు విడిగా చూద్దామంటే కుదరదు. రాష్ట్రం వచ్చి ఇన్నేళ్లయినా ట్రాయ్ నివేదికల్లో మనం ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లోనే ఉన్నాం.)

మనుషులను అడిగి తీసిన లెక్కలు వేరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లను "మీరే వాడుకునే ఫోన్ మీకు ఉందా?" అని అడిగారు. దేశంలో ఉందన్నవాళ్లు 54 శాతం. తెలంగాణలో 60 శాతం. ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడారా అంటే తెలంగాణ ఆడవాళ్లలో అవునన్నది 26.5 శాతమే. 2025లో కేంద్ర గణాంక శాఖ చేసిన సర్వే ప్రకారం దేశంలో 85 శాతం ఇళ్లలో కనీసం ఒక్క స్మార్ట్ ఫోన్ ఉంది. అదే సర్వేలో పల్లెల్లో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో 80 శాతానికి సొంత ఫోన్ ఉంటే, ఆడవాళ్లలో సగం మందికి కూడా లేదు. అంటే ఫోన్ ఇల్లు చేరింది, ఆ ఇంటి ఆడమనిషి చేతికి ఇంకా చేరలేదు.

ఇంటి టచ్ ఫోన్‌కు ఉన్న బలం తక్కువేమీ కాదు. దూరాన ఉన్న మనవరాలి ముఖం చూడాలంటే అదే కావాలె. సంఘం గ్రూపు, బడి గ్రూపు అన్నీ వాట్సాప్‌లోనే. 2025 వానాకాలం పత్తి అమ్మడానికి, దాన్ని కొనే కేంద్ర సంస్థ సీసీఐ 'కపాస్ కిసాన్' యాప్‌లో స్లాట్ బుక్ చేసుకొమ్మంది. ఆ పని కీప్యాడ్ ఫోన్‌తో కాదు. వరంగల్, జనగామ వైపు పత్తి పండించే ఇంట్లో ఒక్క టచ్ ఫోనైనా ఉండాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. పైగా ఇంటికంతా ఒకటే రీఛార్జ్.

కానీ పొద్దున పదింటికి ఆ ఫోన్ ఎక్కడుంటుంది? కొడుకు ఎనుమాముల మార్కెట్‌కు పోతే కొడుకు జేబులో. అప్పుడు అమ్మ పత్తి ఏరుతూ చేన్ల ఉంటుంది. సాయంత్రం ఇల్లు చేరాక అది పిల్లల చేతికి పోతుంది. పల్లె పిల్లల చదువు మీద చేసే అసర్ సర్వేలో, 2024లో, పల్లెల్లోని 14-16 ఏళ్ల పిల్లల్లో దాదాపు నాలుగింట మూడొంతుల మంది అంతకుముందు వారంలో సోషల్ మీడియా చూశామన్నారు. వాళ్లు చూడటం అయిపోయాక, వంట అయ్యాక, బోళ్లు తోమడం అయ్యాక అమ్మ వంతు వస్తుంది. అప్పటికి ఛార్జింగ్ ఉంటే చెల్లెకు ఒక ఫోన్ చేసుకుంటుంది, అదీ అందరి ముందే.

ఇది ఓర్చుకోవచ్చు అనుకుందాం. ఓర్చుకోలేనిది నంబర్ సంగతి. అమ్మ బ్యాంకు ఖాతా, ఆధార్, గ్యాస్ బుక్కు, అన్నింటికీ కొడుకు నంబరో, భర్త నంబరో ఇచ్చి ఉంటారు, ఇంట్లో ఉన్నది అదొక్కటే కాబట్టి. గ్యాస్ బండ తెచ్చిన అబ్బాయి గుమ్మంలో నిలబడి కోడ్ అడిగితే, ఆ కోడ్ మార్కెట్లో ఉన్న ఫోన్‌కు పోయి ఉంటుంది. ఉపాధి కూలీ పడిందన్న మెసేజ్, సంఘం లోను జమ అయిందన్న మెసేజ్ కూడా ఆమెకు కాక ఇంకొకరికి అందుతాయి.

యూపీఐ దగ్గరికొస్తే విషయం ఇంకా గట్టిది. ఫోన్‌పే, గూగుల్ పే వంటివి ఖాతాను పట్టుకునేది సిమ్ము ద్వారా. ఏ సిమ్ము నుంచి యాప్ మెసేజ్ పంపిందో ఆ నంబర్‌కు బ్యాంకులో ఉన్న ఖాతాలే తెరుచుకుంటాయి. ఏటీఎం కార్డు వివరాలో, ఆధార్ ఓటీపీయో ఇస్తే పిన్ను పెట్టుకోవచ్చు. అమ్మ ఖాతాకు కొడుకు నంబర్ ఉంటే, ఆ కార్డు ఇంట్లోనే ఉంటే, ఆ ఖాతా కొడుకు ఫోన్‌లో నడుస్తుంది. ఆమెకు వేరే స్మార్ట్ ఫోన్ కొనిచ్చినా, బ్యాంకులో నంబర్ మారేదాకా అందులో ఆమె ఖాతా తెరుచుకోదు. కొడుకు ఎంత మంచివాడైనా సరే, తన డబ్బు ఎంత ఉందో తెలుసుకోవడానికి తల్లి ఇంకొకరి చేతిలోకి చూడాల్సిన అవసరం ఎందుకుండాలి? నాకు ఈ ఒక్క కారణం చాలు. పదిహేను వేల ఉమ్మడి ఫోన్ కన్నా పదిహేను వందల సొంత ఫోన్ మేలు అని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. ఈ మధ్య మా అమ్మకు కొన్నది కూడా 4జీ కీప్యాడ్ ఫోనే, ఆమె ఆధార్ మీద తీసిన కొత్త సిమ్ముతో.

కీప్యాడ్ ఫోన్ కొనేటప్పుడు 4జీదే చూడండి. జియోకు 2జీ లేదు, పాత డబ్బా ఫోన్‌లో ఆ సిమ్ము పని చేయదు. ములుగు, ఏటూరునాగారం వైపు ఊళ్లలో ఏ కంపెనీ సిగ్నల్ అందుతుందో ముందు కనుక్కుని, దాన్నిబట్టి సిమ్ము, సిమ్మునుబట్టి ఫోన్ తీసుకోవాలి. ఛార్జింగ్ రెండు మూడు రోజులు నిలుస్తుంది. నడుముకు చెక్కుకుని చేన్లకు పోవచ్చు, కింద పడితే అద్దం పగిలేది లేదు. ఫోన్ ఉన్న ఆడవాళ్లలో మెసేజ్ చదవగలిగినవాళ్లు దేశంలో 71 శాతమని పైన చెప్పిన ఆరోగ్య సర్వేలోనే ఉంది. అమ్మకు చదువు రాకపోతే నొక్కిన అంకె బయటికి పలికే ఫోన్లు దొరుకుతాయి, అవి అడగండి. వాట్సాప్‌లో ప్రభుత్వ పథకం పేరుతో ఏపీకే ఫైల్ (నొక్కితే ఫోన్‌లోకి దిగే దొంగ యాప్) పంపి ఖాతా ఊడ్చే మోసం దీని మీద నడవదు. ఫోన్ చేసి ఓటీపీ అడిగే మోసం మాత్రం నడుస్తుంది. కాబట్టి సైబర్ మోసాల మీద ఫిర్యాదు చేసే 1930 నంబర్ కూడా అందులో సేవ్ చేసి ఇవ్వండి.

పైసలు పంపడానికి కీప్యాడ్ ఫోన్లకు 2022 మార్చి నుంచి యూపీఐ 123పే అనే, ఇంటర్నెట్ అక్కర్లేని పద్ధతి ఉంది. కానీ కిరాణా కొట్లో దానితో కట్టినవాళ్లను నేను పెద్దగా చూడలేదు. వీడియో కాల్ లోటు నిజమైన లోటే, దాన్ని కాదనలేను.

అసలు బరువు రీఛార్జ్. 28 రోజుల ప్లాన్ రూ.200 అనుకుంటే ఏడాదికి 13 సార్లు, మొత్తం రూ.2,600. ఫోన్ ధర కన్నా ఇదే ఎక్కువ. 2025-26లో తెలంగాణ ఉపాధి హామీ రోజు కూలీ రూ.307. నలుగురికి నాలుగు సిమ్ములంటే కూలి ఇల్లు ఎట్ల మోస్తుంది? అందుకే రీఛార్జ్ ఆగాల్సి వస్తే మొదట ఆగేది అమ్మ నంబరే. మూతపడ్డ నంబర్‌ను 90 రోజులు దాటాక కంపెనీ కొత్త మనిషికి ఇవ్వొచ్చు, అప్పుడు ఆమె బ్యాంకు మెసేజ్‌లు ఎవరికో పోతాయి. డేటా అక్కర్లేనివాళ్లకు కాల్స్, మెసేజ్‌లతో మాత్రమే ప్లాన్లు పెట్టాలని ట్రాయ్ 2024 డిసెంబరులో కంపెనీలకు చెప్పింది, గడువు 365 రోజుల దాకా ఉండొచ్చంది. 2025 జనవరి నుంచి అవి వచ్చాయి. షాపులో వాటిని ముందుగా ఎవరూ చెప్పరు, మీరే అడగాలి. హైదరాబాద్‌లో ఉన్న కొడుకో, బిడ్డో ఏడాదికి ఒక్కసారి ఆ రీఛార్జ్ చేస్తే అమ్మ నంబర్ బతుకుతుంది.

సొంత టచ్ ఫోన్ సంగతి? సంఘంలో లెక్కలు చూసే అక్కకు, ఆశా కార్యకర్తకు, అంగన్‌వాడీ టీచర్‌కు అదే కావాలె. అమ్మ తానై అడిగితే, దగ్గర కూచుని నేర్పేవాళ్లు ఒక్కరున్నా, కీప్యాడ్ జోలికి పోకుండా నేరుగా టచ్ ఫోనే కొనండి. కొడుకు వాడి వదిలేసిన పాత ఫోన్ ఇస్తే మాత్రం అతని గూగుల్ ఖాతా, అతని ఫోన్‌పే, అతని సిమ్ము అన్నీ తీసేసి, ఆమెవి పెట్టాకే ఇవ్వాలి. లేకుంటే అదీ ఉమ్మడి ఫోనే. బ్యాటరీ సగం రోజుకే దిగిపోతే కొత్తది వేయించండి.

ల్యాండ్‌లైన్, ట్యాబ్ గురించి కూడా కొందరు అడుగుతున్నారు. మేడారం జాతరలో తప్పిపోయినప్పుడు రెండూ పనికిరావు.

ఇంట్లో ఇప్పటికే ఒక టచ్ ఫోన్ ఉంటే, అమ్మకు 4జీ కీప్యాడ్ కొనండి. ఇంట్లో ఏదీ లేక ఒక్కటే కొనగలిగే స్థితి ఉంటే టచ్ ఫోన్ కొని, అందులో రెండో సిమ్ముగా అమ్మ పేరుతో తీసిన నంబర్ వేయండి. తర్వాత చేతికి పైసలు వచ్చినప్పుడు ఆ సిమ్ము తీసి ఆమె సొంత ఫోన్‌లో పెట్టొచ్చు, నంబర్ మారదు. సిమ్ము తీసుకున్న వారంలోనే బ్యాంకుకు, ఆధార్ కేంద్రానికి అమ్మను తీసుకెళ్లి పాత నంబర్ మార్పించండి, గ్యాస్ ఏజెన్సీలో కూడా. కేంద్ర టెలికాం శాఖ సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో ఆమె పేరు మీద ఎన్ని సిమ్ములున్నాయో చూడండి. ఆమెకు తెలియని నంబర్ ఏదైనా కనిపిస్తే అక్కడే ఫిర్యాదు పెట్టి ఆపించొచ్చు.