ఖాళీ బండికి టంగు టంగు మోత: ఆటోనగర్‌లో బోర్డు లేని షెడ్డు, 5కి 4 స్టార్లు

మాది 2003 మోడల్ టాటా 1613, ఆరు చక్రాల బండి. ఉయ్యూరు చుట్టుపక్కల కళ్ళాల్లోంచి మిల్లులకి ధాన్యం తోలుతాం, తిరుగు ప్రయాణం ఖాళీ. పోయిన దాళ్వా సీజన్లో మొదలైంది ఈ గోల, లోడుతో వెళ్ళేటప్పుడు పిల్లిలా వెళ్తది, మిల్లులో దింపేసి వచ్చేటప్పుడు మాత్రం స్పీడు 35 దాటిందంటే కింద ఎవడో సుత్తి పట్టుకుని కూర్చున్నట్టు టంగు టంగు టంగు. డ్రైవరేమో నా సీటు కిందే అంటాడు, క్లీనరు కాదు వెనక టైర్ల దగ్గర అంటాడు, నేను ఎక్కి కూర్చుంటే నాకు మధ్యలో వినపడింది.

ముందు వేరే చోటికి తీసుకెళ్ళాం, పేరు వద్దులెండి. బండి ఎక్కనుకూడా ఎక్కలేదు, నిలబడి విని జాయింట్లు పోయినయ్ అన్నారు. గేరుబాక్సు నుంచి వెనక ఇరుసుకి తిప్పుడు అందించే పొడుగు గొట్టం ఉంటది, ప్రొపెల్లర్ షాఫ్టు, అది దింపి జాయింట్లలో ఉండే రెండు క్రాసులు, మధ్యలో దాన్ని పట్టుకునే సెంటర్ బేరింగు మార్చారు, 11,400 అయ్యింది. టంగు టంగు అలాగే ఉంది, పైగా కొత్తగా 50 దగ్గర కేబిన్ ఫ్లోరంతా జుమ్మని వణకడం మొదలైంది, అదీ లోడున్నా లేకపోయినా. మళ్ళీ వెళ్తే వెనక ఇరుసు హౌసింగు విప్పాలి, అందులో చక్రాల్ని తిప్పే పళ్ళ జత, క్రౌన్ పినియన్ అయిపోయింది అన్నారు. దణ్ణం పెట్టి బయటికొచ్చేశా.

మిల్లు దగ్గర ఒక ముసలి డ్రైవరు చెప్తే విజయవాడ ఆటోనగర్‌లో ఈ షెడ్డుకి వెళ్ళాం. 1960లలో పెట్టిన ఆటోనగర్ అది, మా బండికి చెక్క బాడీ కట్టించింది కూడా అక్కడే, కానీ ఈ సందులోకి నేనెప్పుడూ వెళ్ళలేదు. మేస్త్రీకి డెబ్బై దగ్గరుంటాయేమో. పానా ముట్టుకోలేదండీ, టీ చెప్పి ప్రశ్నలు మొదలెట్టాడు. యాక్సిలేటర్ తొక్కితే వస్తదా వదిలితే వస్తదా, న్యూట్రల్ చేసి వదిలేస్తే ఆగుద్దా, బ్రేకేస్తే మారుద్దా, గతుకులో ఎక్కువా నున్నటి రోడ్డు మీద ఎక్కువా. మా డ్రైవరు న్యూట్రల్లో కూడా ఉంటది బాబాయ్, గతుకుల్లో మరీ ఎక్కువ అన్నాడు. "మరి ఇంజనూ కాదు క్లచ్చూ కాదు కదరా. పినియన్ పోతే లోడులో ఏడుస్తది, ఖాళీలో ఎందుకు అరుస్తది" అన్నాడు.

తర్వాత పెనమలూరు దాకా ఒక రౌండు. మేమంతా కేబిన్లో కూర్చుంటే ఆయన చెప్పులు విప్పి వెనక ఖాళీ బాడీలో నిలబడ్డాడు! ఆ వయసులో పడితే ఏంటని నాకు గుండె దడ. తిరిగొచ్చాక దిగి సుద్దముక్కతో బాడీకీ, దాని కిందుండే ఇనుప ఫ్రేము చాసిస్‌కీ మధ్య నాలుగు చోట్ల గీతలు పెట్టాడు. బాడీని చాసిస్‌కి పట్టుకునే యూ బోల్టులు వదులైపోయినయ్, మధ్యలో పరిచే చెక్క ఎండి అరిగి వేలు దూరేంత సందుంది. పది టన్నుల ధాన్యం మీద పడితే బాడీ అణిగి కూర్చుంటది, ఖాళీ అయితే ఎగిరెగిరి చాసిస్‌ని కొడతది. ఆ దెబ్బ ఇనుము పొడుగునా పాకుద్దంట, అందుకే మాకు తలో చోట వినపడింది. ఊరికే చెప్పి వదల్లేదు, ఆ సందుల్లో పాత సైకిల్ ట్యూబు ముక్కలు కుక్కి మళ్ళీ తోలుకురమ్మన్నాడు, వెళ్తే మోత లేదు. అప్పుడు గానీ పని ఒప్పుకోలేదు.

ఇక ఆ వణుకు మాత్రం మేం డబ్బులిచ్చి కొనుక్కున్నది. కింద పడుకుని షాఫ్టు మీద గ్రీజు తుడిచి చూపించాడు, షాఫ్టు ముక్కలు ఒకదాంట్లో ఒకటి దూరే పళ్ళ చోటు, స్ప్లైన్ దగ్గర రెండు ముక్కల మీదా బాణం గుర్తులుంటాయి, అవి ఎదురెదురుగా రావాలి. విప్పినోళ్ళు చూడకుండా ఎక్కించారు. బాణాలు తప్పితే రెండు చివర్ల జాయింట్లు ఒక వరసలో ఉండవు, షాఫ్టు తిరిగే ప్రతి చుట్టుకీ కుదుపే. గుర్తులు కలిపి ఎక్కించి 600 తీసుకున్నాడు. కొత్త చెక్క, ఎనిమిది యూ బోల్టులు, వడ్రంగి కూలీ కలిపి మొత్తం 6,900. రెండు ట్రిప్పులయ్యాక చెక్క అణుగుద్ది, బోల్టులు మళ్ళీ బిగించుకోమన్నాడు, బిగించాం కూడా.

ఒక స్టార్ ఎందుకు కోశానంటే, వడ్రంగి రాలేదని పూర్తిగా రెండు రోజులు బండి ఆపేశారు, సీజన్లో రెండు రోజులంటే మామూలు కాదు. ఫోన్ చేస్తే ఎత్తరు. బిల్లు అడిగితే సిగరెట్ పెట్టె అట్ట మీద రాసిచ్చాడు, కూర్చోడానికి ఒక పాత టైరు. కుర్రాళ్ళు ఇద్దరున్నారు గానీ వినే పని మాత్రం ఆయనే చెయ్యాలి, ఆయన లేనిరోజు వెళ్తే వేస్టు.

ఇలాంటి మోత కోసమే వెళ్ళేవాళ్ళు బండి ఖాళీగా తీసుకెళ్ళండి. నా ముందే ఒకాయన కంకర లోడుతో వచ్చి మోత వస్తోందంటే, దింపుకుని రా పో అని గేట్లోంచే పంపించేశాడు.