లైప్‌జిగ్‌లో ఆర్గన్ కచేరీలు, ప్రేమగీతాలు: ఎక్కడ వినాలి, ఎక్కడ దిగాలి

బరోక్ కాలపు (సుమారు 1600–1750) ఆర్గన్ (గొట్టాల్లోంచి గాలి పంపి మోగించే పెద్ద చర్చి వాద్యం) సంగీతాన్నీ, పందొమ్మిదో శతాబ్దపు జర్మన్ ప్రేమగీతాలనూ ఒకే ప్రయాణంలో వినాలనుకునేవారికి జర్మనీలోని లైప్‌జిగ్ కన్నా మంచి ఊరు నాకు తెలియదు. అయితే టికెట్టు కొనేముందు వాయించేవారి పేరు కన్నా కచేరీ జరిగే చోటును చూసుకోవాలని నా గట్టి అభిప్రాయం.

బరోక్ స్వరకర్త బాఖ్ 1723 నుంచి 1750లో మరణించేదాకా పనిచేసిన సెయింట్ థామస్ చర్చిలో శుక్ర, శనివారాల్లో మోటెట్ (బృందంగా పాడే భక్తిగీతం) ప్రార్థన జరుగుతుంది. ప్రవేశ రుసుము స్వల్పమే గానీ ముందుగా వెళ్లి వరుసలో నిలబడితేనే మంచి చోటు దొరుకుతుంది. బడి సెలవుల్లో చర్చి బాలుర గాయక బృందం సాధారణంగా పాడదు. బాఖ్ కాలపు ఆర్గన్ ఇక్కడ మిగల్లేదు. ఆయన రచనల కోసం 2000లో ఉత్తరపు గ్యాలరీలో కొత్త ఆర్గన్ నెలకొల్పారు కాబట్టి, దానికి ఎదురుగా దక్షిణం వైపు కూర్చోవడం మేలు.

అసలైన బరోక్ నాదం కావాలంటే మాత్రం రైలులో సుమారు గంట ప్రయాణించి నౌంబుర్గ్ వెళ్లాలి. అక్కడి సెయింట్ వెన్సెల్ చర్చిలో ఆర్గన్ తయారీదారు హిల్డెబ్రాంట్ నిర్మించిన ఆర్గన్‌ను 1746లో బాఖ్ స్వయంగా పరీక్షించాడు. చేత్తో వాయించే మెట్ల వరుసలు మూడు, స్టాపులు (ఒక్కొక్కటి ఒక్కో రకం నాదాన్నిచ్చేవి) 53 ఉన్న ఆ వాద్యం మీద బాఖ్ రాసిన ఎఫ్ మేజర్ టొకాటా (చురుగ్గా సాగే వాద్యరచన) మొదలైనప్పుడు, పైన రెండు చేతులూ ఒకదాన్నొకటి తరుముతుండగా, కాలితో నొక్కిపట్టిన ఒకే మంద్రస్వరం మన కచేరీలో తంబురా శ్రుతిలా ఎంతసేపటికీ వదలదు. ఆ అదురు కూర్చున్న చెక్కబల్లలోంచి వెన్నుకు తెలుస్తుంది. ఏ రికార్డింగులోనూ నాకు ఆ అనుభవం కలగలేదు. వేసవి నెలల్లో మధ్యాహ్నం పూట చిన్న కచేరీలు ఉంటాయి. తేదీలు ముందే చూసుకోవాలి.

ప్రేమగీతాలకు మాత్రం ఇంత పెద్ద కట్టడం పనికిరాదు. ఇన్సెల్ వీధిలో స్వరకర్తలైన రాబర్ట్, క్లారా షూమన్ దంపతులు 1840లో పెళ్లయ్యాక కాపురం పెట్టిన ఇంటి హాలు అందుకు తగిన చోటు. కవి రూకర్ట్ ప్రేమకవితలకు 1841లో ఇద్దరూ కలిసి వెలువరించిన 12 పాటల్లో మూడు క్లారావి. గాయని ఊపిరి తీసుకోవడం కూడా వినిపించేంత దగ్గరలో, పియానో ఆమె గొంతును కప్పేయకుండా పక్కనే నడుస్తున్నప్పుడు, భాష రానివారికి కూడా మాట ఎక్కడ బరువెక్కిందో అర్థమవుతుంది. స్వరకర్త మెండెల్సన్ ఇంట్లో జరిగే ఆదివారం ఉదయపు కచేరీలూ ఇలాంటివే.

బసకు పాత ఊరి వలయం లోపలి చిన్న హోటళ్లు ఖరీదైనా, రాత్రి కచేరీ నుంచి నడిచి రావచ్చు. రైల్వే స్టేషన్ దగ్గర నేను దిగిన చోట ట్రాముల చప్పుడుకు నిద్ర పట్టలేదు, కానీ నౌంబుర్గ్ రైలుకు అది బాగా కలిసివచ్చింది. రెండు రాత్రులే ఉండేవారు స్టేషన్ వైపు, అంతకన్నా ఎక్కువ ఉండేవారు థామస్ చర్చి వైపు చూసుకోవడం మంచిది.