అలాయ్ చక్రాల మీద గీతలు: ఇంట్లో రంగా, షాపులో పౌడర్ కోటింగా?

ఒంగోలు సందుల్లో కారు తిప్పితే చక్రం గట్టు అంచుకి రాసుకోవడం మామూలే. ఆ గీతలకి రెండు దారులు: ఇంట్లో డబ్బా స్ప్రే రంగు, లేదా షాపులో పౌడర్ కోటింగ్, అంటే రంగు పొడి చల్లి వేడికి కరిగించి పట్టించడం.

ఖర్చు: ఇంట్లో అయితే వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం), పుట్టీ, ప్రైమర్, రంగు, క్లియర్ కోట్ (పైన వేసే పారదర్శక పూత) కలిపి నాలుగు చక్రాలకి రెండు మూడు వేలు. షాపులో ఒక్క చక్రానికే దాదాపు అంత కావచ్చు.

శ్రమ: షాపులో మనకి పనేమీ లేదు, కారు మాత్రం ఒకట్రెండు రోజులు కదలదు. ఇంట్లో చక్రానికి ఒక పూట పడుతుంది. 240 నంబరు వాటర్ పేపర్‌తో మొదలుపెట్టి 400, 800కి రావాలి, నంబరు పెరిగే కొద్దీ కాగితం నునుపు. గీత పోయిందో లేదో కంటితో కాదు, గోటితో చూడండి. గోరు ఎక్కడైనా తట్టుకుంటే ఇంకా రుద్దాల్సిందే. రంగు పల్చగా మూడు పూతలు వెయ్యండి. మన మే నెల ఎండలో మాత్రం వద్దు, స్ప్రే చక్రానికి తగిలేలోపే ఆరిపోయి గరుకు తేలుతుంది.

మన్నిక: పౌడర్ సుమారు 200 డిగ్రీల వేడికి కరిగి గట్టిగా పట్టేస్తుంది. డబ్బా రంగు కంకర తగిలితే లేస్తుంది.

ప్రమాదం: పగులు కనిపిస్తే రెండూ వద్దు, చక్రం మార్చండి.

అంచు గీతలే అయితే, ఆదివారం ఖాళీ ఉంటే, ఇంట్లోనే చేసుకోండి. కొత్తపట్నం, మైపాడు లాంటి ఉప్పుగాలి ఊళ్లలో రంగు బుడగలు లేచిన చక్రాలకి పౌడర్ కోటింగే మేలు. డైమండ్ కట్ మెరుపు (చక్రం ముఖాన్ని సన్నగా చెక్కితే వచ్చేది) కావాలంటే లేత్, అంటే చెక్కే యంత్రం, ఉన్న షాపుకే వెళ్లాలి.