పాత టేబుల్ సా కి కొత్త ఫెన్స్ వేశా, ఎలా ఉందంటే

పాత టేబుల్ సా (బల్ల మధ్యలోంచి బ్లేడు పైకొచ్చే చెక్క కోత మిషను) తీసేసి కొత్తది కొందామనుకునేవాళ్ళు ముందు ఫెన్స్ (చెక్కని ఆనించి నెట్టే పక్క పట్టీ) మార్చి చూడండి. నాదాంట్లో మోటారు బానే ఉంది, పోత ఇనుము టేబులు ఇప్పటి చవక మిషన్లకి రాదు, తలనొప్పంతా పాత ఫెన్స్‌తోనే, బిగించిన ప్రతిసారీ వెనకవైపు కాస్త పక్కకి పోయేది, చెక్క అంచు మాడి నల్లగా వచ్చేది. ఈ టీ-స్క్వేర్ (T ఆకారపు) ఫెన్స్ ముందున్న రైలు మీదే లాక్ అవుతుంది, లివర్ నొక్కితే టక్కున కూర్చుంటుంది, స్కేలు చూసి కోసేయడమే, టేపు తీసే పనే లేదు. బిగించడం మాత్రం విసుగు, టేబులుకి కొత్త బెజ్జాలు వేయాల్సొచ్చింది, పైగా వాళ్ళిచ్చిన బోల్టులు పొట్టివి.

దాంతోపాటు 10 అంగుళాల 40 పళ్ళ థిన్ కెర్ఫ్ (సన్నటి కోత పెట్టే) బ్లేడు కూడా వేశా, మామూలుది దాదాపు 3.2 మిల్లీమీటర్ల చెక్క తినేస్తే ఇది 2.4 దగ్గర ఆగుతుంది, చిన్న మోటారు మూలగడం మానేసింది. లింక్ బెల్టుతో (చిన్న ముక్కలు గొలుసులా కలిపిన మోటారు బెల్టు) అదురు తగ్గింది గానీ పెట్టిన డబ్బుకి సరిపడా కాదు. ఇంకోటి, పాతవాటిల్లో చాలావాటికి రైవింగ్ నైఫ్ (బ్లేడు వెనకే ఉండి కోసిన చెక్క మూసుకోకుండా ఆపే రేకు) ఉండదు, ఫెన్స్ ఎంత మంచిదైనా కోసిన చెక్క మూసుకుని బ్లేడుని పట్టేసిందంటే ఎగిరొచ్చి మీద పడుద్ది, కనీసం స్ప్లిటర్ (అదే పని చేసే, బ్లేడుతోపాటు కదలని రేకు) అయినా పెట్టుకోండి. ఫెన్స్‌కి నాలుగున్నర స్టార్లు, ఆ అర బోల్టుల మీద కోపం.