వీ, మూవ్, కినెక్ట్: మా పన్నెండడుగుల హాల్లో మూడూ వాడినాక

మాది నెల్లూరు, వేదాయపాళెం. హాలు పొడుగు పన్నెండు అడుగులు. ముందే కొలత ఎందుకు చెప్తా ఉండానంటే, చెయ్యి ఊపి ఆడే గేముల్లో ఏది కొనాలని ఎవరడిగినా నేను ఎదురు అడిగేది మీ హాలు ఎంత అనే. టీవీ స్టాండ్ ఒకటిన్నర అడుగు, దీవాన్ కాట్ రెండున్నర అడుగులు తినేస్తే మాకు మిగిలింది ఎనిమిది. టీవీకి తగిలించి ఆడే గేమ్ మెషీన్ నింటెండో వీ, సోనీ మెషీన్ పీఎస్ 3కి జతచేసే మూవ్, మైక్రోసాఫ్ట్ మెషీన్ ఎక్స్‌బాక్స్ 360కి జతచేసే కినెక్ట్, మూడూ ఆ ఎనిమిది అడుగుల్లోనే ఆడినాం, ఒక్కోటి ఏళ్ళ తరబడి. మూడూ ఇంకా ఇంట్లోనే ఉండాయి, ఒకటి మాత్రం అటకెక్కింది.

ముందొచ్చింది వీ. 2009లో మా పిన్నమ్మ కొడుకు అమెరికా నుంచి వస్తా సూట్‌కేసులో పెట్టుకొచ్చాడు. మేమందరం రిమోట్ పట్టుకొని కొట్లాడుకుంటా ఉంటే మా నాయన చూసింది అడాప్టర్ మీద రాసిన 120 వోల్టులు. "అబ్బయా, దీన్ని మన ప్లగ్గులో పెడితే పొగొస్తాది" అన్నాడు, నిజమే, మనది 230. ట్రంక్ రోడ్డులో వోల్టులు తగ్గించే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనుక్కొచ్చిందాకా అది టీవీ పక్కన బొమ్మ మాదిరి కూర్చోనుంది. ఆ పైన రీజియన్ లాక్ ఒకటి, అమెరికా వీలో అమెరికా డిస్కులే ఆడతాయి, నేను పినాకిని రైలెక్కి చెన్నై పోయి బర్మా బజార్లో బేరమాడి తెచ్చిన రెండు డిస్కులూ యూరప్‌వి అని ఇంటికొచ్చి పెట్టినాక గానీ తెలీలా. సంబడం అంతా దిగిపోయింది.

వీ గురించి చాలామంది పొరపాటు పడేది యాడంటే, టీవీ మీద పెట్టే సెన్సార్ బార్ మనల్ని చూస్తాదని. అది ఏమీ చూడదు, ఆ పేరే తప్పు. దాని రెండు చివర్లా కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ లైట్లు ఉంటాయి, అంతే. చూసే కన్ను రిమోట్ మూతి కాడ ఉండాది. ఆ రెండు వెలుగులు తనకి యాడ కనిపిస్తా ఉండాయో చూసుకొని స్క్రీన్ మీద చెయ్యి గుర్తు యాడ పెట్టాలో లెక్క కట్టుకుంటాది. ఇది నాకు ఎలుక నేర్పించిన పాఠం. 2015 నవంబరు వానలకి ఊరు నీళ్ళల్లో ఉంటే ఇంట్లో దూరిన ఎలుక ఒకటి ఆ బార్ వైరు కొరికి పెట్టింది. స్కూళ్ళు లేవు, పిల్లలు ఇంట్లోనే, కరెంటు వచ్చినాక కూడా వీ పనిచెయ్యలా. రెండు కొవ్వొత్తులు పెడితే చాలంట అని మా తమ్ముడంటే నేను నవ్వినా. కొవ్వొత్తులు కరెంటు కోతలకే అయిపోయినాయి, కార్తీకమాసానికని అమ్మ కడిగి పెట్టుకున్న ప్రమిదలు ఉండాయి. రెండింట్లో నూనె పోసి ఒత్తులేసి టీవీ ముందర జానెడు దూరంగా పెట్టి ట్యూబ్‌లైట్ ఆపితే, చెయ్యి గుర్తు టక్కున వచ్చి నిలబడింది! మంటలో కూడా ఇన్‌ఫ్రారెడ్ ఉంటాది కదా, రిమోట్‌కి బారైనా దీపమైనా ఒకటే. ఫ్యాన్ గాలికి ఒత్తి ఊగితే గుర్తు కూడా రవ్వంత వణికేది, ఫ్యాన్ ఆపేసి ఆడినాం. వారం రోజులు అట్లానే నడిచింది, దేవుడి ముందర పెట్టమంటే టీవీ ముందర పెట్టినారే అని అమ్మ ఆ వారమంతా సాధిస్తానే ఉండింది. దీపావళి నాడు ఎందుకు తిక్క తిక్కగా చేసేదో కూడా అప్పుడే అర్థమైంది, టీవీ పక్క కిటికీలో వరసగా డజను ప్రమిదలు పెడితే ఏవి తనవో దానికి మాత్రం ఎట్లా తెలుస్తాది.

వీలో లోపం ఏందంటే, 2006లో వచ్చిన అసలు రిమోట్‌లో కదలిక పట్టడానికి ఉన్నది యాక్సిలరోమీటర్ ఒక్కటే. ఎంత జోరుగా ఊపినావో చెప్తాది గానీ చెయ్యి ఎటు తిరిగింది, యాడ ఆగింది అనేది దానికి సరిగా తెలీదు. అందుకే నేను హాల్లో నిలబడి చెమటలు కార్చుకుంటా నిజం టెన్నిస్ మాదిరి షాట్లు కొడతా ఉంటే మా తమ్ముడు దీవాన్ మీద వెల్లకిలా పడుకొని మణికట్టు ఒక్కటి ఆడించి నన్ను ఓడించేవాడు. 2009లోనే మోషన్ ప్లస్ అని రిమోట్ అడుగున తగిలించే ముక్క వచ్చింది, దాంట్లో చెయ్యి ఎటు తిరిగిందో పట్టే గైరోస్కోప్ ఉంటాది, అది తగిలించినాక కత్తి తిప్పితే స్క్రీన్ మీద కత్తి కూడా అట్లానే తిరిగింది, కాకపోతే మొదలుపెట్టే ముందర రిమోట్‌ని బోర్లా పెట్టి ముట్టుకోకుండా ఉండమంటాది, పిల్లలున్న ఇంట్లో అది ఎంత కష్టమో చెప్పాలా.

ఇన్ని లోపాలున్నా మా అవ్వ ఆడింది వీ ఒక్కటే. అప్పటికే డెబ్బై దాటింది. బౌలింగ్‌లో బీ బటన్ నొక్కి పట్టుకొని చెయ్యి వెనక్కి తీసి ముందుకు తెచ్చేటప్పుడు బటన్ వదలాలి. అవ్వకి ఆ వదలడం కుదిరేది కాదు, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చొని కళ్ళాపి చల్లినట్టు చెయ్యి ఊపి వెనకనే వదిలేసేది, బాల్ వెనక్కి పడేది, వెనక నిలబడిన బొమ్మ జనం ఉలిక్కిపడి ఎగిరేవాళ్ళు. రెండు రోజుల్లో ముందుకు వెయ్యడం వచ్చేసింది, అయినా కూడా మూడోసారో నాలుగోసారో కావాలనే వెనక్కి వేసి వాళ్ళు ఎగురుతా ఉంటే పకపకా నవ్వేది.

మూవ్ నేను కొనుక్కున్నది. అది 2010 సెప్టెంబరులో వచ్చింది, నేను 2011లో ఉద్యోగం వచ్చినాక పీఎస్ 3తో పాటు చేత్తో పట్టుకొని ఆడే రెండు మూవ్ కర్రలు, కెమెరా తీసుకున్నా. ఈడ కన్ను మన చేతిలో ఉండదు, టీవీ కాడ ఉండాది, మన చేతిలో ఉండేది వెలిగే బంతి. బంతి కెమెరాకి ఎంత పెద్దగా కనపడితే మనం అంత దగ్గర ఉన్నట్టు, చిన్నగా కనపడితే దూరం, అంత సింపుల్ లెక్క. తిరగడం, వంగడం చూసుకోవడానికి లోపల గైరో, యాక్సిలరోమీటర్, దిక్సూచి మాదిరి ఇంకోటి ఉంటాయి. బంతి రంగు గదిలో లేని రంగుగా ఎంచుకుంటాది, మా గోడ లేతాకుపచ్చ, కర్టెన్లు కాషాయం, కాబట్టి ఎప్పుడూ ఊదానో నీలమో వెలిగేది.

ఆట విషయంలో చెప్పాలంటే, నా వరకు మూడింట్లో నంబర్ వన్ మూవే, దీంట్లో నేను ఎవరి మాటా వినను. స్పోర్ట్స్ ఛాంపియన్స్ అనే గేమ్‌లో టేబుల్ టెన్నిస్ ఆడి చూడండి. బ్యాట్ రవ్వంత వాల్చితే స్పిన్ తిరుగుతాది, ఒక అడుగు ముందుకేస్తే స్క్రీన్ లోపల బ్యాట్ కూడా ముందుకు పోతాది, వీలో ఈ ముందుకు వెనక్కి అనేదే ఉండేది కాదు. రెండు కర్రలతో విలువిద్య ఇంకా బావుంటాది, ఎడం చేతిలో విల్లు, కుడి చెయ్యి భుజం వెనక్కి పెట్టి బాణం తీసి, తెచ్చి తగిలించి, లాగి, ఊపిరి బిగబట్టి వదలాలి. చెయ్యి వణికితే గురి వణుకుతాది, గంట ఆడితే మరుసటి రోజు భుజం పట్టేస్తాది.

మరి ఇంట్లో ఎవరూ ఎందుకు ఆడలేదంటే ఆ క్యాలిబ్రేషన్ వల్ల, అంటే కర్ర యాడుందో కెమెరాకి ముందు చూపించి కొలిపించే తతంగం. ఆడే మనిషి మారినప్పుడల్లా కెమెరా వైపు చూపించి బటన్ నొక్కు, భుజం కాడ పెట్టు, పక్కన దించు, నడుం కాడ పెట్టు. అవ్వ ఒక్కసారి చేసి "ఏందబ్బయా ఇది, డ్రిల్లు మాస్టారి మాదిరి" అని కర్ర నా చేతిలో పెట్టేసి పోయింది. నలుగురు వంతులేసుకుంటే ఆటకంటే ఈ డ్రిల్లే ఎక్కువ. ఇంకోటి బ్యాటరీ, వీ రిమోట్‌కి రెండు పెన్సిల్ సెల్స్ కిరాణా కొట్లో కూడా దొరుకుతాయి, మూవ్‌కి లోపల బిగించిన బ్యాటరీ, ఛార్జింగ్ మినీ యూఎస్‌బీ, ఆ కేబుల్ ఇప్పుడు వెతుక్కోవాలి. నా రెండింట్లో ఒకటి ఇప్పుడు అరగంటకే దిగిపోతా ఉండాది. అయితే కర్ర మాత్రం గట్టిది, 2016లో పీఎస్ 4కి కళ్ళకి పెట్టుకొని ఆడే వీఆర్ హెడ్‌సెట్ వచ్చినప్పుడు కూడా చేతికి ఈ మూవ్ కర్రలే వాడారు.

ఇంక కినెక్ట్. 2012లో పాత లావు 360, కినెక్ట్ కలిపి సెకండ్ హ్యాండ్‌లో ఒక షాపులో తీసుకున్నా, షాపు పేరెందుకులే. ఇంటికి తెచ్చి చూస్తే దాని వైరు చివర మామూలు యూఎస్‌బీ కాదు, ఇంకేదో ఆకారం. తర్వాత వచ్చిన సన్నం 360, దాన్నే స్లిమ్ అంటారు, దాని వెనకాల కినెక్ట్ కోసం వేరే పోర్ట్ ఉంటాది, లావు దానికి ఉండదు, గోడ ప్లగ్గులో పెట్టే అడాప్టర్ ఒకటి మధ్యలో కావాలి. షాపాయన స్లిమ్‌తో వచ్చిన కినెక్ట్‌ని లావు దాంతో జత చేసి అంటగట్టినాడు, అడిగితే అన్నీ ఇచ్చేసినాం గదన్నా అని ఒకటే మాట. ఆ అడాప్టర్ దొరికేసరికి నెలన్నర.

పనిచేసే పద్ధతి మాత్రం మూడింట్లో దీనిదే వింత. చేతిలో ఏమీ ఉండదు. అది గదిలోకి కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ చుక్కలు చల్లి, ఆ చుక్కలు యాడ ఎట్లా పడినాయో చూసి ఏది దగ్గర ఏది దూరం అని కొలుస్తాది. పెళ్ళిళ్ళకి వీడియో తీసే మా ఫ్రెండ్ ఒకడు పాత హ్యాండీక్యామ్ నైట్ మోడ్‌లో పెట్టి చూపించాడు, గోడ, దీవాన్, అవ్వ చీర అన్నిటి మీదా ఆవాలు చల్లినట్టు చుక్కలే చుక్కలు! నాకు ఒళ్ళు జలదరించింది. అట్లా కొలిచి మనిషిలో ఇరవై కీళ్ళు గుర్తుపడతాది, ఒకేసారి ఇద్దరు ఆడొచ్చు.

ఇద్దరు ఆడాలంటే ఎనిమిది అడుగులు, ఒక్కరికైతే ఆరు. మాకు సరిగ్గా ఎనిమిదే అని చెప్పినా కదా, అంటే ఇద్దరూ దీవాన్‌కి పిక్కలు ఆనించుకొని ఆడాలి. ప్రతి ఆదివారం ఆ దీవాన్‌ని వరండాలోకి మొయ్యడమే నాకు కినెక్ట్ చేయించిన అసలు వ్యాయామం. నాలుగైతే పడమటి కిటికీలోంచి ఎండ నేరుగా లోపలికొచ్చి ఆ చుక్కల్ని మింగేసేది, మనిషి సగం మాయం. లుంగీతో నిలబడితే రెండు కాళ్ళు యాడుండాయో దానికి అర్థం కాదు, స్క్రీన్‌లో నా కాలు దానంతటదే పక్కకి విరిగి తన్నేది, ప్యాంటు వేసుకొస్తే మళ్ళీ మామూలే. అమ్మ వంటింట్లోకి పోతా మధ్యలో నడిస్తే నా ఆట ఆమెకి పోయేది. అన్నిటికంటే పైన, చెయ్యి ఊపినాక రవ్వంత ఆగి గానీ బొమ్మ కదలదు, మూవ్‌కి అలవాటు పడినోడికి అది పంటి కింద రాయే. ఇంకో మాట, ఎగిరే ఆట పెట్టే ముందర ఫ్యాన్ ఆపండి. మా మేనమామ కొడుకు ఆరడుగుల మనిషి, రెండు చేతులూ పైకెత్తి ఎగిరినాడు, మూడు కుట్లు.

అయినా సంక్రాంతికి పిల్లకాయలు పదిమంది చేరితే తీసేది కినెక్టే. రిమోట్ నాకంటే నాకని కొట్లాట ఉండదు, నేర్పించేది ఏమీ ఉండదు, పండ్లు కోసే గేమ్ పెడితే నాలుగేళ్ళ పిల్ల కూడా చేతులు తిప్పుతా నిలబడతాది. అడ్వెంచర్స్ గేమ్ ఆడేటప్పుడు మధ్య మధ్యలో అదే ఫొటోలు తీసి చివర్లో చూపిస్తాది, మా దగ్గరున్న అట్లాంటి ఫొటోల్లో సగం మేము గాల్లో ఉంటాం, వెనకాల వరండా గుమ్మంలో అవ్వ అరిసె నములుతా ఉంటాది.

కినెక్ట్‌ని కంపెనీనే చేతులారా వదిలేసింది. 2013లో తర్వాతి మెషీన్ ఎక్స్‌బాక్స్ వన్‌తో కొత్త కినెక్ట్ ఇచ్చారు, మరుసటి ఏడే అది లేకుండా కన్సోల్ అమ్మడం మొదలుపెట్టారు, 2017కి తయారీనే ఆపేశారు. 2024 జులైలో 360 ఆన్‌లైన్ స్టోర్ కూడా మూతపడింది కాబట్టి ఇప్పుడు కొంటే డిస్కుల మీదే బతకాలి. మాది అటక మీద ఉండాది, పండక్కి దించుతాం.

ఇప్పుడు కొత్తగా కొనేవాళ్ళు నింటెండోదే స్విచ్ వైపే పోతారు, దాని చేతి రిమోట్లయిన జాయ్‌కాన్లలో గైరో, యాక్సిలరోమీటర్ రెండూ మొదట్నించీ ఉండాయి, నేను నెల రోజులే వాడినా కాబట్టి అంతకంటే చెప్పను. సెకండ్ హ్యాండ్‌లో ఈ మూడింట్లో ఒకటి తీసుకునేవాళ్ళకి మాత్రం నా మాట: ఒక్కరే ఆడుకుంటా, ఆట సరిగ్గా ఉండాలనుకుంటే మూవ్, కానీ కర్ర ఫుల్ ఛార్జ్ చేయించి షాపులోనే అరగంట వెలిగించి చూడండి. కినెక్ట్ అయితే టేపు తీసుకొని ముందు హాలు కొలవండి, తర్వాత వైరు చివర చూడండి, లావు 360కి అడాప్టర్ లేకపోతే డబ్బులు ఇవ్వొద్దు. ఇంట్లో పెద్దోళ్ళు, చిన్నోళ్ళు కలిసి ఆడేదుంటే వీ తీసుకోండి, అడాప్టర్ మీద వోల్టులు చదవండి, సెన్సార్ బార్ పోయిందని ఎవరన్నా సగం రేటుకి ఇస్తే కళ్ళుమూసుకొని తెచ్చుకోండి. ప్రమిదలు మాత్రం అమ్మని అడిగి తీసుకోండి.